చక్రమునకు చోటెంత?

కారు కొన్న కొంతకాలమునకే దాని రూపమును తన అభిరుచి ననుసరించి దిద్దుకొనవలెనను కోరిక యజమానుని మనస్సున మొలకెత్తుట సహజము. రంగు మార్పించినచో రిజిస్ట్రేషను పత్రమును సైతము మార్పించుకొనవలెను. ఇంజను జోలికి పోయినచో వారంటీకి ముప్పు. కావున స్వల్పప్రయత్నముతో అధికశోభను సమకూర్చు భాగమేదియని వెదకుచు పోయిన దృష్టి తుదకు చక్రముల మీద వ్రాలును. విజయవాడ ఆటోనగరులో నేమి, హైదరాబాదు టైర్ల దుకాణములలో నేమి, గోడల నిండ వ్రేలాడుచు తళతళలాడు అల్లాయ్ చక్రములను చూచినవాడు, తన కారు క్రిందనున్న నల్లని ఇనుప రిమ్ములను, వానిపై సగము విరిగిన ప్లాస్టిక్ వీల్ క్యాపులను తలచుకొని, జేబు తడవి చూచుకొనక మానడు. అరగంటలో పాత చక్రములు డిక్కీలోనికి పోవును. కొత్త చక్రములు కారు క్రిందికి వచ్చును. కారు నిజముగనే పదింతల అందముతో వెలుగును.

ఆ వెలుగును చూచి మురియుచు ఇంటిదారి పట్టిన యజమానుడు, సందు మలుపులో స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడో, వెనుకసీటున ముగ్గురిని కూర్చుండబెట్టుకొని స్పీడు బ్రేకరు దాటినప్పుడో, చక్రము దగ్గరనుండి బర్రుమను ఒక మోటు శబ్దమును వినును. వెనుకకు మరలి వచ్చి అడిగినచో, "కొత్త కదా సార్, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది" అని దుకాణదారుడు ఓదార్చును. కొత్త చెప్పు కరచినప్పుడు చెప్పదగిన ఓదార్పిది. చెప్పు నాలుగు నాళ్ళకు మెత్తబడి కాలిని విడిచిపెట్టును. టైరు మెత్తబడునది కాదు. అది తనకు తగులు ప్లాస్టికును అరగదీసి రంధ్రము చేయును. రేకు అంచు తగిలినచో తానే కోసుకొనిపోవును. శబ్దము తగ్గినను, ఆ తగ్గుదలకు మూల్యము ఈ రెండింటిలో నేదో యొకటి చెల్లించి యుండును.

మెకానిక్కులు "టైరు తగులుతోంది" అని ఏకవాక్యములో తేల్చివేయు ఈ బాధకు మందులు పెక్కు గలవు. కాని ప్రతి మందును ఒకచోట చోటు కలిగించి మరియొకచోట ఏదో యొకటి తీసికొనును: ఒకటి టైరు ఆయుర్దాయమును, ఒకటి మలుపు తిరుగు సౌలభ్యమును, ఒకటి బేరింగు బలమును, ఒకటి బండి పెయింటును. కావున ఏది తగులుచున్నదో, ఎచ్చట తగులుచున్నదో, ఎన్ని మిల్లీమీటర్లు తగులుచున్నదో తెలియకముందే చక్రమును బయటికి జరుపు స్పేసరు బిళ్ళను కొనుట గాని, చక్రముపై కప్పు రేకైన ఫెండరు అంచును మడిపించుట గాని తగదు. ఈ మూడును తెలిసికొనుటకు కావలసినది కొలతబద్ద, సుద్దముక్క, కూడికలు తీసివేతలు మాత్రమే.

టైరు మీది అంకెలు

అంబాసిడరు కారుల కాలమున టైరు కొలత 5.90-15 అని రెండంకెలతో ముగిసెడిది. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసము, రెండును అంగుళములలోనే. నేటి రేడియల్ టైరు మీద మూడంకె లుండును. మారుతి బాలెనో క్రింది తరగతులకు కంపెనీ యిచ్చు 185/65 ఆర్ 15 అను టైరునే తీసికొందము. 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనునది ఆ వెడల్పులో నూటికెంత వంతు సైడ్‌వాల్ ఎత్తుగా నున్నదో తెలుపును. 15 రిమ్ము వ్యాసము, అంగుళములలో. 185లో నూటికి 65 అనగా 120.25 మి.మీ.; పైనొకటి, క్రిందనొకటి చొప్పున రెండు సైడ్‌వాల్‌లు కలిసి 240.5, 15 అంగుళముల రిమ్ము 381 మి.మీ.; వెరసి టైరు మొత్తము ఎత్తు 621.5 మి.మీ.

అదే కారు పై తరగతులకు కంపెనీ 195/55 ఆర్ 16 టైరు నిచ్చినది. దానిని కూడ ఇట్లే లెక్కకట్టినచో 620.9 మి.మీ. వచ్చును. రిమ్ము ఒక అంగుళము పెరిగినను, సైడ్‌వాల్ తగ్గినందున, మొత్తము ఎత్తులో భేదము ఒక మిల్లీమీటరునకు లోపుననే నిలిచినది. పెద్ద చక్రము వేయదలచినవాడు అనుసరింపదగిన మార్గమిదియే: రిమ్ము పెరిగినంత మేర సైడ్‌వాల్ తగ్గవలెను. అట్లుగాక, అదే 15 అంగుళముల రిమ్మునకు "లావు టైరు బాగుంటుంది" అని 205/65 ఆర్ 15 వేయించినవాని టైరు 647.5 మి.మీ. ఎత్తునకు పెరుగును. మొత్తము మీద 26 మి.మీ., అనగా ఇరుసునుండి పైకి 13 మి.మీ., చక్రము ఫెండరు వైపునకు జరిగినదన్నమాట. రాపిడి సంగతి యటుండగా, స్పీడోమీటరు 100 చూపునప్పుడు బండి నిజవేగము 104 వరకు పోవును. ఓడోమీటరు తిరిగిన దూరమును తక్కువ చేసి చెప్పును. మొత్తము ఎత్తులో నూటికి మూడు వంతులకు మించిన మార్పు వలదని టైర్ల వ్యాపారములో చిరకాలముగా వాడుకలోనున్న హద్దు. అది రాపిడి రాదనుటకు హామీ మాత్రము కాదు.

ఈ అంకెల పక్కన 88హెచ్ వంటి గురుతు ఒకటి యుండును. 88 అనగా ఆ టైరు మోయగల గరిష్ఠభారము 560 కిలోలు. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వేగపరిమితి. రాపిడి తప్పించుకొనుటకై సన్నని టైరునకు మారువారు ఈ భారసంఖ్య కంపెనీ విధించినదానికంటె తగ్గిపోకుండ చూచుకొనవలెను.

కంటికి కనబడని కొలత

టైరు అంకెలు టైరు పక్కన అచ్చుపోసి యుండును గనుక వానిని ఎవడైనను చదువగలడు. రాపిడికి అసలు కారణమైన అంకె తరచుగా చక్రము వెనుక, కమ్మీల వీపున, ఎవరికిని కనబడనిచోట దాగియుండును. అల్లాయ్ చక్రమును వెనుకకు త్రిప్పి చూచినచో 6జె×15, ఈటీ 45 వంటి అక్షరములు పోతపోసి కనబడును. 6 అనునది రిమ్ములో టైరు అంచులు కూర్చుండు రెండు గాళ్ళ నడుమ వెడల్పు, అంగుళములలో. జె అనునది రిమ్ము అంచు ఆకారమునకు గురుతు. ఈటీ 45 అనగా ఆఫ్‌సెట్ 45 మి.మీ. చక్రము హబ్బునకు ఆనుకొను తలము రిమ్ము వెడల్పునకు సరిగా నడుమ నున్నచో ఆఫ్‌సెట్ సున్న. ఆ తలము వీధివైపునకు 45 మి.మీ. జరిగియున్నచో ఈటీ 45. కావున ఈటీ అంకె తగ్గినకొలది చక్రము కారు బయటికి పొడుచుకొని వచ్చును. పెరిగినకొలది లోనికి, అనగా సస్పెన్షను కంబమైన స్ట్రట్టు వైపునకు, పోవును.

ఒక ఉదాహరణము. కారుతో వచ్చిన చక్రము 6జె, ఈటీ 45, దానిపై 185/65 ఆర్ 15 టైరు అనుకొందము. యజమానుడు ముచ్చటపడి కొన్నది 7జె, ఈటీ 35 చక్రము, దానిపై 205/55 ఆర్ 16 టైరు. రిమ్ము ఒక అంగుళము వెడల్పు పెరిగినది గనుక ఇరువైపుల 12.7 మి.మీ. చొప్పున పెరిగినది, ఆఫ్‌సెట్ 10 తగ్గినది గనుక మొత్తము చక్రము 10 మి.మీ. బయటికి జరిగినది. వెరసి రిమ్ము వెలుపలి అంచు 22.7 మి.మీ. బయటికి వచ్చినది, లోపలి అంచు 2.7 మి.మీ. మాత్రమే లోనికి పోయినది. టైరును దాని పేరులోని వెడల్పును బట్టి లెక్కించినచో, వెలుపలి ముఖము 20 మి.మీ. బయటికి వచ్చినది, లోపలి ముఖము ఉన్నచోటనే యున్నది. పైకి 5 మి.మీ. పెరిగినది. వెడల్పు రిమ్ముపై నెక్కిన టైరు అర అంగుళమునకు సుమారు 5 మి.మీ. చొప్పున మరికొంత విచ్చుకొనును గనుక, ఈ లెక్కకు రెండు మూడు మిల్లీమీటర్లు అదనముగా కలుపుకొనుట మంచిది.

ఈ లెక్కను చూచిన మాత్రముననే ఆ కారునకు లోపల స్ట్రట్టు తగులదనియు, తగిలినచో వెలుపల ఫెండరు అంచే తగులుననియు ముందుగనే చెప్పవచ్చును. అదే చక్రము ఈటీ 45తో వచ్చియున్నచో టైరు లోపలికి 10, బయటికి 10 మి.మీ. పంచుకొనెడిది, అప్పుడు స్ట్రట్టు మీద అనుమానము పడవలసి వచ్చెడిది.

ముందు చక్రముల విషయమున మరియొక చిక్కు గలదు. స్టీరింగు త్రిప్పినప్పుడు చక్రము తన నడుమనున్న నిలువు గీతపై తిరుగదు; స్ట్రట్టు పై కొననుండి క్రింది బాల్ జాయింటునకు పోవు ఏటవాలు ఇరుసుపై తిరుగును. టైరు ఆ ఇరుసునకు ఎంత దూరమైనచో అంత పెద్ద చాపమును గీయుచు, ముందున్న బంపరు కొసను, వెనుకనున్న ప్లాస్టిక్ లైనరును వెదకికొనుచు పోవును. నిలుచున్న కారులో వ్రేలు దూరునంత సందు కనబడినను, స్టీరింగు చివరివరకు త్రిప్పినప్పుడు ఆ సందు మాయమగుట ఇందువలననే.

జాడ తీయుట

లెక్క అనుమానమును మాత్రమే కలిగించును. నిర్ధారణ బండి క్రిందనే జరుగవలెను. కారును చదునైన నేలపై నిలిపి, టైరు చుట్టునున్న నాలుగు తావులను బ్యాటరీ లైటుతో పరికింపవలెను: ఫెండరు అంచు లోపలివైపునకు మడిచిన రేకు పెదవి, వంపు లోపలి నల్లని ప్లాస్టిక్ లైనరు, బంపరు వచ్చి ఫెండరును కలిసికొను మూల, లోపల స్ట్రట్టు, దాని స్ప్రింగు పళ్ళెము. తగులుచున్నచోట దుమ్ము తుడిచిపెట్టుకొనిపోయి నల్లని నునుపు తేలియుండును. బురద కొట్టిన కారులో ఈ గురుతు మరింత స్పష్టము. కనబడనిచో, అనుమానమున్న తావులన్నిటికి సుద్దముక్కతో దట్టముగా గీతలు గీసి, ఖాళీ మైదానములో స్టీరింగును ఇరువైపుల చివరివరకు త్రిప్పి నెమ్మదిగా నడిపి, తరువాత నలుగురిని ఎక్కించుకొని స్పీడు బ్రేకరు దాటించి, దిగి చూచినచో చెరిగిన సుద్దయే జాడ చెప్పును. ఎన్ని మిల్లీమీటర్లు తక్కువైనదో తెలియవలెనన్నచో పిల్లలు బొమ్మలు చేసికొను క్లే ముద్దలను అచ్చట అంటించి, నడిపిన తరువాత మిగిలిన మందమును కొలిచికొనవచ్చును.

శబ్దము వచ్చు సందర్భము కూడ జాడయే. స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు మాత్రమే వచ్చునది ముందు లైనరుదో బంపరు కొసదో యగును. బరువుతో గోతిలో పడినప్పుడు వచ్చునది పై ఫెండరు పెదవిది, ముఖ్యముగా వెనుక చక్రములది. తిన్నగా పోవునప్పుడును విడువక వచ్చునది స్ట్రట్టుదో, ఊడి వ్రేలాడు లైనరుదో. స్ట్రట్టుదైనచో బండిని అచ్చటనే నిలిపివేయవలెను. ఇనుము మీద నిరంతరము ఒరయు సైడ్‌వాల్‌కు అతుకు వేయుట సాధ్యము కాదు. అది పగులునప్పుడు నెమ్మదిగా గాలి దిగదు, ఒక్కసారిగా పేలును.

ఒక్క వైపున మాత్రమే తగులుచున్నచో తొందరపడి కొత్త చక్రమును నిందింపరాదు. ఎప్పుడో గోతిలో పడి వంగిన లోయరు ఆర్ము, అరిగిన బుష్షులు, కుంగిన స్ప్రింగు, ఒదులైన బేరింగు – ఇవన్నియు పాత సన్నని టైరు క్రింద ఎవరికిని తెలియక దాగియుండి, కొత్త లావు టైరు రాగానే బయటపడును. చక్రమును జాకీమీద లేపి పైన క్రింద పట్టుకొని ఊపి చూచిన మెకానిక్కు బేరింగులోని వదులును క్షణములో కనిపెట్టగలడు. అట్టి దోషమున్నప్పుడు చేయవలసినది దాని మరమ్మతే.

మందులు, వాని ఖరీదు

అన్నిటికంటె చులకనైన మందు లైనరును సర్దుట. కొత్త చక్రము బిగించునప్పుడో, అంతకు ముందెన్నడో క్లిప్పులు ఊడి, లైనరు టైరు మీదికి వ్రేలాడుట సర్వసాధారణము; కొన్ని రూపాయల ప్లాస్టిక్ క్లిప్పులతో పోవు రోగమునకు వేల రూపాయల వైద్యము చేయించుకొన్నవారు గలరు. లైనరు సరిగనే యుండి కొద్దిగా తగులుచున్నచో, హీట్ గన్‌తో మెత్తబరచి వెనుకకు నొక్కి, చల్లారువరకు పట్టియుంచినచో కొన్ని మిల్లీమీటర్ల చోటు దొరకును. మడ్‌ఫ్లాపు తగిలినచో దాని లోపలి మూలను కత్తిరించుట తప్పుకాదు. బంపరు మూలలో మర మొన టైరు వైపునకు పొడుచుకొనియున్నచో, పొట్టి మరను వేయుటయో తల మార్చి బిగించుటయో చాలును. టైరు పక్కన చారలుగా కోతలు పడుటకు చాలమార్లు ఈ చిన్న మరయే కారకము. లైనరులో పెద్ద కిటికీ కోసివేయుట మాత్రము కూడదు. దాని వెనుక వైర్లు, వాషరు ట్యాంకు, రేకు అతుకులు గలవు. వానాకాలపు బురద నేరుగా వానిమీద పడును.

తరువాతిది టైరును మార్చుట. పైన చెప్పిన ఉదాహరణములో 205/55 ఆర్ 16 తీసివేసి అదే రిమ్మునకు 195/55 ఆర్ 16 వేసినచో, ఇరువైపుల 5 మి.మీ. చొప్పున, పైన మరియొక 5 మి.మీ. చోటు తిరిగి వచ్చును. 7జె రిమ్ము 195/55 టైరునకు తగిన వెడల్పులలో చివరిది. అంతకు మించిన రిమ్ముపై ఆ టైరును సాగదీసి తొడుగుట వలదు. కొత్త టైర్లను మార్చుటకు మనస్సొప్పక పోవచ్చును గాని, ఆ ఖర్చును ఇతర మందులన్నిటి ఖర్చుతోను, అవి తెచ్చు నష్టములతోను పోల్చి చూచినచో, పెక్కుమందికి లాభమైనది ఇదియే.

లోపల స్ట్రట్టు తగులునప్పుడు స్పేసరు పనికివచ్చును. హబ్బునకు చక్రమునకు నడుమ పెట్టు ఈ అల్యూమినియం బిళ్ళ 5 మి.మీ. మందమైనచో చక్రము సరిగా 5 మి.మీ. బయటికి వచ్చును, అనగా ఈటీ 45 చక్రము ఈటీ 40 అయినట్లే. దీనికి రెండు షరతులు. బిళ్ళ నడిమి రంధ్రము హబ్బు బొడిపెకు ఖచ్చితముగా సరిపోవలెను. స్పేసరు తినివేసిన మందమునకు తగినట్లు పొడవైన స్టడ్డులు వేయవలెను, 12 మి.మీ. లావు స్టడ్డుమీద నట్టు కనీసము 12 మి.మీ. మేర మరలను పట్టియుండవలెను. సాధారణ మర 1.5 మి.మీ. చొప్పున నుండును గనుక ఎనిమిది పూర్తి చుట్లు. మారుతి కారులలో మర 1.25 మి.మీ. గనుక దాదాపు పది. అంతకు తక్కువ చుట్లకే నట్టు బిగిసిపోయినచో ఆ కారును వాకిలి దాటనీయరాదు. పైగా స్పేసరు బయటి రాపిడికి మందు కాదు. దానిని మరింత పెంచును. ఏది తగులుచున్నదో చూడకయే స్పేసరు కొన్నవాని గతి యిదియే. చక్రమును బయటికి నెట్టినకొలది బేరింగు మీది మోతయు, స్టీరింగు ఒకవైపునకు లాగుటయు పెరుగుననునది దీని ఖరీదు.

బయట ఫెండరు పెదవి తగులునప్పుడు వినబడు మందు పెదవి మడచుట. టింకరింగు తెలిసిన పనివాడు హబ్బునకు ఒక రోలరును బిగించి, హీట్ గన్‌తో పెయింటును వేడిచేయుచు, లోనికి వంగిన రేకు పెదవిని కొంచెము కొంచెముగా పైకి ఒత్తి చదును చేయును. చక్కగా చేసినచో పెదవి వెడల్పంత చోటు దొరకును. తొందరలో సుత్తితో కొట్టినచో పెయింటు పగులును. వెనుక ఫెండరులో రెండు రేకులు కలిసిన అతుకు నోరు తెరచును. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీర పట్టణములలో ఆ పగుళ్ళ వెంట త్రుప్పు త్వరగా ప్రాకును. మడచిన వెంటనే ఆ అంచునకు ప్రైమరు, సీలెంటు, తుప్పు నిరోధక పూత తప్పక వేయించవలెను. ఒకసారి మడచిన పెదవిని మరల యథాస్థితికి తెచ్చుట కష్టము.

క్యాంబరు మార్చుట మరియొక ఉపాయము. చక్రము పై అంచును లోనికి ఒక డిగ్రీ వంచినచో, 620 మి.మీ. ఎత్తుగల టైరు పై కొస ఇరుసుతో పోల్చి చూడగా 5 మి.మీ. పైచిలుకు లోపలికి పోవును. ఫెండరునకు ఆ మేర చోటు దొరకును. కాని బయట సంపాదించినదానిని లోపల స్ట్రట్టు దగ్గర కోల్పోవుదుము; వంపు మితిమీరినచో టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోవును. చిన్న కారులలో వెనుక నుండునది చాలవరకు రెండు చక్రములను కలుపు టార్షన్ బీము. దానికి అలైన్‌మెంటు యంత్రము మీద క్యాంబరు మార్చు వీలే లేదు. కావున వెనుక ఫెండరు రాపిడికి ఈ ఉపాయమును చెప్పిన దుకాణదారుని రెండవమారు ప్రశ్నింపవలెను.

బరువెక్కినప్పుడు మాత్రమే వెనుక తగులుచున్నచో షాకబ్సార్బరు మీది బంప్ స్టాపులను చూడవలెను. ఈ రబ్బరు దిమ్మలు నలిగి పొడియైనచో సస్పెన్షను ఉండదగిన హద్దును దాటి క్రిందికి దిగును. కొత్తవి వేసిన మాత్రమున రాపిడి పోయిన కారులు గలవు. స్ప్రింగు చుట్ల నడుమ దూర్చు రబ్బరు బఫర్లు కారును కొంత పైకి లేపినను, ప్రయాణమును కఠినము చేయును. స్ప్రింగు మీద భారమును అసమానముగా పంచును. స్టీరింగు చివరి తిప్పులో మాత్రమే కొద్దిగా తగులువారికి స్టీరింగు ర్యాకు మీద వేయు చిన్న లిమిటరు పట్టీ గలదు. అది చక్రమును చివరివరకు తిరుగనీయదు. మూల్యముగా, సుమారు 5 మీటర్ల వ్యాసార్ధములో తిరిగెడి కారు ఇకమీదట మరికొంత విశాలమైన వీధిని కోరును. సందులలో కాపురముండువారు ఆలోచించుకొనవలసిన విషయమిది.

చేయదగని పనులు

గాలి తగ్గించి నడిపినచో టైరు క్రుంగి చోటు దొరకునని కొందరి యూహ. క్రుంగిన టైరు సైడ్‌వాల్ బయటికి ఉబ్బును గనుక పక్కలందు రాపిడి పెరుగును, టైరు వేడెక్కును, గోతిలో రిమ్ము నేలకు తగిలి వంగును. కారు డ్రైవరు తలుపు స్తంభము మీద అంటించిన పట్టికలోని పీఎస్ఐ అంకెయే ప్రమాణము. అందుకు భిన్నముగా అతిగా గాలి కొట్టించుటయు పరిష్కారము కాదు.

బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు ఎట్టి పరిస్థితిలోను టైరునకు తగులరాదు. రాపిడి జాడ తీయునప్పుడు ఈ రెండింటిని ప్రత్యేకముగా చూడవలెను. లైనరునకు పడిన గీత శబ్దము చేయును, హోసునకు పడిన గీత చప్పుడు చేయదు.

చట్టము సంగతియు ఒకింత తెలిసియుండుట మేలు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీ మొదట పేర్కొన్నవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనునకు కఠినమైన వ్యాఖ్యానమే చేసినది. అన్నిటికంటె నిర్భయమైన మార్గము, అదే కారు పై తరగతికి కంపెనీయే ఇచ్చిన చక్రము, టైరు కొలతలను ఎన్నుకొనుట. అందులో రాపిడి భయమును ఉండదు, చట్టము భయమును ఉండదు. ఏది మార్చినను బీమా కంపెనీకి వ్రాతమూలకముగా తెలుపుట, పాత చక్రములను అమ్మివేయక దాచియుంచుట వివేకము.

కొనక ముందు

అల్లాయ్ చక్రము పుట్టినది అందము కొరకు కాదు. 1924లో బుగాటీ సంస్థ తన టైప్ 35 పందెపు కారునకు పోత అల్యూమినియం చక్రములను తొడిగినది తేలిక కొరకు, బ్రేకులు చల్లబడుట కొరకు. నేడు అంగుళము రెండంగుళములు పెంచి కొను చౌక అల్లాయ్ చక్రము తరచుగా పాత ఇనుప చక్రముకంటె బరువుగా నుండును. సన్నని సైడ్‌వాల్‌తో గోతులలో త్వరగా వంగును. అందము కొరకే కొనువాడు ఆ సంగతిని ఎరిగియే కొనవలెను. నిందింపవలసిన పని లేదు.

దుకాణమునకు పోవుటకు ముందే తన కారు చక్రమునకు సంబంధించిన అయిదు అంకెలను కాగితముమీద వ్రాసికొనిపోవుట మంచిది: టైరు కొలత, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, బోల్టు రంధ్రముల సంఖ్య మరియు వాని వలయపు వ్యాసము, నడిమి రంధ్రపు వ్యాసము. బాలెనో, స్విఫ్టు వంటి కారులలో నాలుగు రంధ్రములు 100 మి.మీ. వలయములో నుండును, నడిమి రంధ్రము 54.1 మి.మీ. కొత్త చక్రపు నడిమి రంధ్రము పెద్దదైనచో సరిపోవు సెంటరు రింగు అడిగి తీసికొనవలెను. లేనిచో రాపిడి లేకున్నను వేగములో స్టీరింగు వణకును. నట్టు మొన చక్రపు గుంటకు సరిపోవుచున్నదో చూడవలెను. టార్కు రెంచితో బిగింపించుకొని, నూరు కిలోమీటర్లు తిరిగిన పిదప మరల సరిచూపించుకొనవలెను.

అన్నిటికి మించిన జాగ్రత్త ఒకటి గలదు. నాలుగు చక్రములకు టైర్లు ఎక్కించి, బ్యాలెన్సు చేయించి, బిల్లు కట్టిన తరువాత రాపిడి బయటపడినచో దుకాణదారుడు టైర్లను వెనుకకు తీసికొనడు. ఒకసారి రోడ్డుమీద తిరిగిన టైరు అతనికి పాతదే. కావున ముందొకటి, వెనుకొకటి మాత్రమే చక్రములను బిగింపించి, స్టీరింగును రెండు వైపుల చివరివరకు త్రిప్పించి, దుకాణములోని నలుగురు పనివాండ్రను వెనుకసీటునను డిక్కీ అంచునను కూర్చుండబెట్టి, ఫెండరునకు టైరునకు నడుమ చిటికెనవ్రేలు దూరుచున్నదో లేదో చూచుకొనవలెను. పావుగంట పట్టు ఈ పరీక్ష తరువాత చెల్లింపవలసిన మూల్యములన్నిటిని ముందే తప్పించును. దీనికి సమ్మతించిన దుకాణదారుడు తన సరుకును ఎరిగినవాడు. సమ్మతింపనివాని దగ్గర ఎంత అందమైన చక్రమున్నను, మరియొక దుకాణమును వెదకికొనుటయే లాభము.